నాడి అందని చెయ్యి



చాలాకాలంగా రాయాలనుకుంటూ, ఏదో ఒక నెపంతో వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. ఛందస్సు గురించో, శబ్దవ్యుత్పత్తుల గురించో రాసుకొనే ఈ పంతులు వైద్యం జోలికి ఎందుకు వచ్చాడని మీకు అనిపించవచ్చు. నేను వైద్యుణ్ణి కాను. నల్లగొండ జిల్లా పాఠశాలల్లో ముప్పైయేళ్ళకు పైగా తెలుగు చెప్పి పదవీవిరమణ చేసినవాణ్ణి. అయితే ఒక విద్యార్థిని విషయంలో నేను చేసిన తప్పు నన్ను ఒక వ్యాధి చరిత్ర వెంట నడిపించింది. ఇరవైయేళ్ళకు పైగా ఆ చరిత్రను కొద్దికొద్దిగా చదువుకుంటున్నాను. తెలుసుకున్నది నలుగురితో పంచుకుంటే ఆ తప్పు బరువు కొంతైనా తగ్గుతుందేమోనన్న ఆశతో రాస్తున్నాను.

అది 1997-98 విద్యాసంవత్సరం. మర్రిగూడ వైపు ఒక ఉన్నత పాఠశాల. ఉదయం ప్రార్థన వేళ పిల్లలందరూ కుడిచెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చెబుతారు కదా. ఆ ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకటసుబ్బారావుగారు మా జిల్లావారే, అన్నెపర్తి వారి ఊరు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా దాన్ని తెలుగులో రాశారు. అందువల్ల ప్రతిజ్ఞ అంటే మాకు కాస్త అభిమానం ఎక్కువ. పిల్లలు చెయ్యి వంచకుండా, తడబడకుండా చెప్పాలని నా పట్టుదల. పదవ తరగతి వరుసలో ఒక పిల్ల మాత్రం రోజూ సగంలోనే చెయ్యి దించేసేది. రెండుసార్లు మందలించాను. మూడవసారి, అందరూ తరగతులకు వెళ్ళిపోయాక, ఆమెను ఒక్కదాన్నే నిలబెట్టి, చెయ్యి చాపించి, ప్రతిజ్ఞ మొత్తం మళ్ళీ చెప్పించాను. చివరికి వచ్చేసరికి ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెయ్యి గుంజుతాంది సార్. లేపితే నిలుస్తలేదు" అంది.

సాయంత్రం తండ్రిని పిలిపించి అడిగాను. "బోరింగు కాడ బిందె ఎత్తినా గంతే అంటది సారూ. దండెం మీద బట్టలారేసినా గంతే" అన్నాడు. "మీ ఊరి నీళ్ళ సంగతి తెలిసిందే కదయ్యా, ఫ్లోరైడు" అన్నాను నేను. ఆయన తల ఊపాడు. ఆ ఒక్క మాటతో మేమిద్దరమూ కలిసి ఒక వ్యాధికి పేరు పెట్టేశాము. అది తప్పు పేరు.

ఆ మాట నా నోట అంత సులభంగా ఎందుకు వచ్చిందో ఈ ప్రాంతం ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. తెలుగునాట ఫ్లోరైడు వ్యాధి వైద్యుల దృష్టికి వచ్చినది 1937లో. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతపు పల్లెలలో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ దాన్ని గుర్తించి ప్రకటించారు. మా నల్లగొండ సంగతిని 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. వంగిన నడుములు, ముడుచుకుపోయిన మోకాళ్ళు, గారపట్టిన పళ్ళు అప్పటినుంచీ మా జిల్లాకు గుర్తులైపోయాయి. 1970లలో నాగపూరులోని నీరీ సంస్థవారు పటిక, సున్నం కలిపి నీళ్ళలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించినప్పుడు దానికి పెట్టిన పేరు కూడా నల్లగొండ పద్ధతే. వ్యాధితోనూ, విరుగుడుతోనూ ఊరి పేరు ముడిపడిపోయిన చోట, ఒళ్ళు నొప్పి అన్నవాడికల్లా నీళ్ళే కారణంగా తోస్తాయి. చాలాసార్లు అది నిజమే కూడా. కాని ఒక వ్యాధి ఒక ప్రాంతంలో అంతగా ప్రసిద్ధమైతే, దాని వెనుక మరొక వ్యాధి దాక్కోగలదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఫ్లోరైడు ఎముకలనూ కీళ్ళనూ బిగదీస్తుంది, పళ్ళను పాడుచేస్తుంది. మణికట్టు దగ్గర నాడిని మాయం చేయదు.

ఆ పిల్ల మణికట్టును అప్పటికి ఎవరూ పట్టి చూడలేదా అంటే, చూశారు. తండ్రి ఆమెను పాలమూరు జిల్లా కల్వకుర్తి వైపు ఒక వృద్ధ వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాడు. ఆయన పద్ధతి ఎరిగిన మనిషి. పురుషులకు కుడిచేతిలోనూ, స్త్రీలకు ఎడమచేతిలోనూ నాడి చూడడం సంప్రదాయం. ఆయన ఎడమచెయ్యి పట్టుకొని, కళ్ళు మూసుకొని చాలాసేపు చూశాడట. నాడి బలంగా కొట్టుకుంటున్నది. వాతమన్నాడు, తైలమిచ్చాడు. తరువాత ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు ఒకసారి కుడిచేతికి రక్తపోటు పట్టీ కట్టాడు. ఎంత గాలి కొట్టి వదిలినా చప్పుడు వినబడలేదు. ఎడమచేతికి కట్టాడు. పదహారేళ్ళ పిల్లకు ఉండకూడనంత ఎక్కువ చూపించింది. ఒక చేతికి అసలు చూపించక, మరో చేతికి ఇంతెత్తున చూపించేసరికి, "మిషిను ఖరాబైంది" అని తీసి పక్కన పెట్టాడు. నిజానికి ఆ యంత్రం రెండుసార్లూ సత్యమే చెప్పింది. నమ్మడానికి ఎవరమూ సిద్ధంగా లేము.

రెండేళ్ళు గడిచాయి. ఇంటర్మీడియట్ పరీక్షలయ్యాక, 2000 వేసవిలో, తలనొప్పితో, కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయంటూ ఆ అమ్మాయి పడిపోయింది. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. విషయం తెలిసి నేనూ వెళ్ళాను. అక్కడ ఒక యువ వైద్యురాలు మంచం పక్కన నిలబడి, మాట్లాడుతూనే, తన రెండు చేతులతో అమ్మాయి రెండు మణికట్టులనూ ఒకేసారి పట్టుకొన్నది. మాట ఆపింది. కుడి మణికట్టు మీద వేళ్ళు అటూ ఇటూ జరిపి చూసింది. మోచేతి మడత దగ్గర చూసింది. తరువాత మెడ కింద, కంటె ఎముకకు పైన స్టెతస్కోపు పెట్టి విన్నది. బొడ్డుకు పక్కగా పెట్టి విన్నది. ఇరుకైన తూములో నీరు ఉరవడిగా పారితే సవ్వడి వస్తుంది చూడండి, సన్నబడిన ధమనిలో పారే రక్తం కూడా అటువంటి చప్పుడే చేస్తుందట. దాన్ని ఆమె విన్నది.

"కుడిచేతికి నాడి అందడం లేదు" అని ఆమె అనగానే తండ్రి బావురుమన్నాడు. మన నుడిలో నాడి పడిపోవడమంటే ప్రాణం పోవడమే కదా. ఆయనకు సర్ది చెప్పడానికి ఆ వైద్యురాలికి చాలాసేపు పట్టింది.

ధమనులలో రంగుమందు ఎక్కించి తీసే ఆంజియోగ్రామ్ అనే పరీక్షలో అంతా బయటపడింది. కుడిచేతికి రక్తం తీసుకుపోయే ధమని, భుజం చేరకముందే దారంలా సన్నబడిపోయింది. ఒక మూత్రపిండానికి పోయే ధమని కూడా ఇరుకైంది. అందువల్లనే రక్తపోటు పెరిగింది. వ్యాధి పేరు టకయాసు ఆర్టరైటిస్ అన్నారు. ఆ జపాను పేరు పట్టుకొని నేను చదవడం మొదలుపెట్టాను.

తెలుగు పండితుణ్ణి గనుక మాటలతో ఆరంభించాను. సంస్కృతంలో నాడి అంటే గొట్టం. నాడీపరీక్ష అన్నప్పుడు అది రక్తనాళం. అదే మాట ఆధునిక తెలుగులో నాడీమండలం అన్నప్పుడు నరాలకు సంబంధించినదైపోయింది. ధమని అనే మాట ఊదడం అనే అర్థమున్న ధ్మా ధాతువునుంచి వచ్చింది. గ్రీకులు ధమనికి వాడిన ఆర్టీరియా అనే మాట శ్వాసనాళానికి కూడా వర్తించేది. ధమనులలో వాయువు ప్రవహిస్తుందని వారిలో కొందరు నమ్మారు. సంబంధం లేని రెండు నాగరికతలు ఒకే గొట్టాన్ని చూసి ఊపిరినే తలచుకొన్నాయి. మన చరక సుశ్రుత సంహితలలో నాడీపరీక్ష లేదు. శార్ఙ్గధర సంహిత నాటికి అది వైద్యంలో స్థిరపడింది. మన బసవరాజీయం వంటి గ్రంథాలు దాన్ని తెలుగు వైద్యుల చేతికి అందించాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రతి ఆధునిక వ్యాధికీ మన ప్రాచీన గ్రంథాలలో ఒక పేరు వెతికి అతికించడం మావంటివారికి అలవాటు. నాకూ వాతరక్తం అన్న మాట నోరూరించింది. వాతమూ రక్తమూ రెండూ ఉన్నాయి, ఇంకేమి కావాలి! కాని చరకుడు చెప్పిన వాతరక్త లక్షణాలు చదివితే అవి ఎక్కువగా కీళ్ళ వ్యాధులకు సరిపోతాయి. ఫ్లోరైడు అని ఒకసారి తప్పు పేరు పెట్టినవాణ్ణి, మళ్ళీ ఇంకొక పేరు తొందరపడి పెట్టదలచుకోలేదు.

నాడి చూసే సంప్రదాయంలోనే ఈ వ్యాధి మొదట కనబడడం మాత్రం నాకు ఆశ్చర్యం కలిగించింది. జపానులో ప్రాచ్యవైద్య సంప్రదాయానికి చెందిన రొకుషు యమమోతో అనే వైద్యుడు 1830లో ఒక రోగి గురించి రాసిపెట్టాడు. నలభై అయిదేళ్ళ పురుషుడు. జ్వరం వచ్చి తగ్గకుండా ఉన్నది. తరువాత చూస్తే ఒక చేతిలో నాడి అందలేదు, రెండవ చేతిలో బలహీనంగా ఉన్నది. ఆ వైద్యునికి కారణం తెలియదు. అయినా రెండు చేతులూ చూశాడు, చూసినది చూసినట్లు రాశాడు. 1856లో లండనులో విలియం సేవరీ అనే శస్త్రవైద్యుడు ఒక యువతి కథ ప్రకటించాడు. ఆమెకు రెండు చేతుల ప్రధాన ధమనులూ, మెడకు ఎడమవైపు ధమనులూ పూర్తిగా మూసుకుపోయాయి.

మికితో టకయాసు నాడి పట్టిన వైద్యుడు కాడు, కంటివైద్యుడు. జపానులోని కనజావా నగరంలో పనిచేసేవాడు. చూపు మందగించిన ఇరవై ఒక్క ఏళ్ళ యువతి కంటి లోపలి పొరను పరీక్షించి, అక్కడి సన్నని రక్తనాళాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని వలయంలా ఏర్పడడం గమనించాడు. 1908లో ఆయన నివేదిక అచ్చయింది. ఆ సందర్భంలోనే ఆయన సహవైద్యులు, తాము చూసిన ఇటువంటి రోగులకు మణికట్టు వద్ద నాడి కూడా అందలేదని చెప్పారు. ఒకరు కన్ను చూశారు, ఇతరులు చెయ్యి చూశారు. రెండూ కలిపినప్పుడే వ్యాధి రూపం కట్టింది. మెదడుకూ కంటికీ రక్తం తీసుకుపోయే పెద్ద ధమనులు ఇరుకైతే, కన్ను కొత్త దారులు వెతుక్కుంటుంది. ఆ కొత్త దారులే టకయాసు చూసిన వలయం. తరువాత 1951లో షిమిజు, సానో అనే జపాను వైద్యులు ఆంగ్లంలో దీనిని నాడి లేని జబ్బు అన్న అర్థం వచ్చే పేరుతో వర్ణించారు.

ఈ వ్యాధి ఒంటరిది కాదు, ఒక పెద్ద కుటుంబంలోనిది. ఆ కుటుంబం పేరు వాస్క్యులైటిస్. రక్తనాళాల గోడలలో వచ్చే శోథ అని మన మాటల్లో చెప్పుకోవచ్చు. శోథకు ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు గుర్తులను రోమను రచయిత సెల్సస్ ఏనాడో చెప్పాడు. గోరుచుట్టు వస్తే ఆ నాలుగూ కంటికి కనబడతాయి. అదే శోథ ఒంటి లోతుల్లో ధమని గోడలో వస్తే, ఎరుపు ఎవరికి కనబడుతుంది? శరీరాన్ని కాపాడవలసిన రక్షక కణాలే పొరపాటున నాళపు గోడలోకి చొరబడతాయి. గోడ మందమై లోపలి దారి ఇరుకవుతుంది, లేదా గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. ఆ నాళం ఏ అవయవానికి రక్తం ఇస్తున్నదో ఆ అవయవం బాధపడుతుంది. అందుకే ఒకే కుటుంబానికి చెందిన వ్యాధి ఒకరిలో చేతినొప్పిగా, ఒకరిలో మూత్రపిండాల జబ్బుగా, ఇంకొకరిలో చూపు పోవడంగా వేషాలు మారుస్తుంది.

ఈ వేషాలను ఒక్కొక్కటిగా గుర్తించడమే ఆ చరిత్ర. 1866లో జర్మనీలోని ఫ్రైబర్గులో కుస్‌మౌల్, మైయర్ అనే ఇద్దరు, ఇరవై ఏడేళ్ళ ఒక దర్జీ యువకుని మరణాన్ని శోధించారు. కండరాల నొప్పులతో, నీరసంతో వచ్చి కొద్ది వారాలలో చనిపోయాడు. శవపరీక్షలో అతని మధ్యరకం ధమనుల పొడవునా బొడిపెలు కనబడ్డాయి. ధమనుల శోథను ఒక ప్రత్యేక వ్యాధిగా విడమరచి చెప్పిన తొలి వర్ణనగా దాన్నే ఎంచుతారు.

పిల్లలకు కాళ్ళ మీద ఊదారంగు దద్దుర్లు లేచి, కీళ్ళు నొప్పి, కడుపునొప్పి రావడం కొందరు ఉపాధ్యాయులైనా చూసి ఉంటారు. సన్నని నాళాలకు వచ్చే ఈ వ్యాధిలో దద్దురుకూ కీళ్ళనొప్పికీ ఉన్న సంబంధాన్ని 1837లో షోన్‌లైన్ చెప్పాడు. కడుపూ మూత్రపిండాలూ కూడా ఇందులో భాగమేనని తరువాత ఆయన శిష్యుడు హెనాఖ్ చేర్చాడు. గురువు చూసిన చోటనే ఆగిపోక ఇంకొంచెం చూసిన శిష్యుడు! ఎక్కువమంది పిల్లలలో ఇది తనంతట తానే తగ్గుతుంది గాని, కొన్ని నెలలపాటు మూత్రపరీక్ష చేయిస్తూ ఉండాలి.

1890లో లండనులో జొనాథన్ హచిన్సన్ ఒక ముసలాయన గురించి రాశాడు. కణతల మీద ధమనులు ఎర్రగా ఉబ్బి, టోపీ పెట్టుకోలేకపోయాడట. యాభై దాటినవారికి వచ్చే ఈ కణత ధమనుల శోథ మనవారిలో తక్కువే గాని లేకపోలేదు. కొత్తగా వచ్చిన కణతనొప్పి, దువ్వెన పెడితే తలమీద నొప్పి, నమిలేటప్పుడు దవడ లాగడం దీని గుర్తులు. దీనికి ఆలస్యం చేస్తే ఒక్క రోజులో చూపు పోవచ్చు. నా ఈడు మిత్రులు గుర్తుంచుకోవలసిన మాట ఇది.

ముక్కునూ, ఊపిరితిత్తులనూ, మూత్రపిండాలనూ పట్టే మరొక రకాన్ని జర్మనీలో వెగెనర్ 1930లలో వర్ణించాడు. చాలాకాలం ఆయన పేరుతోనే ఆ వ్యాధిని పిలిచారు. ఆయన నాజీ పక్షంలో పనిచేసిన సంగతి బయటపడిన తరువాత, 2011లో వైద్యసంఘాలు ఆ పేరు తీసివేసి, వ్యాధి స్వరూపాన్ని చెప్పే పేరు పెట్టుకొన్నాయి. మనుషుల పేర్లకంటే నాళాల పరిమాణాన్ని బట్టి పెద్దవి, మధ్యవి, చిన్నవి అని వర్గీకరించే పద్ధతి అమెరికాలోని చాపెల్ హిల్ సమావేశంలో ఏర్పడి 1994లో ప్రకటితమైంది, 2012లో సవరింపబడింది.

గుర్తించడానికి కొత్త పరికరాలూ వచ్చాయి. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు కొందరి రక్తంలో తెల్లకణాల మీదనే దాడిచేసే ప్రతిరక్షకాలను చూశారు. చిన్న నాళాల వ్యాధులకు అవి గుర్తని 1985లో నెదర్లాండ్స్ వైద్యులు నిరూపించారు. నేడు ఆంకా అని చేయించే రక్తపరీక్ష అదే. అయితే టకయాసు వ్యాధిని పట్టిచ్చే ప్రత్యేకమైన రక్తపరీక్ష ఏదీ లేదు. ఈఎస్ఆర్, సీఆర్పీ వంటివి శోథ ఉన్నదని చెప్పవచ్చు, ఒక్కొక్కప్పుడు అవి మామూలుగానే ఉంటూ లోపల వ్యాధి సాగిపోవచ్చు. 1990లో అమెరికా వైద్యసంఘం ఆరు గుర్తులు చెప్పి, వాటిలో మూడైనా ఉండాలన్నది. నలభై ఏళ్ళ లోపు మొదలవడం, పని చేసేటప్పుడు కాళ్ళూ చేతులూ లాగడం, చేతిలో నాడి తగ్గడం, రెండు చేతుల రక్తపోటులో పదికి మించిన తేడా, పెద్ద ధమనుల మీద చప్పుడు, ఆంజియోగ్రామ్‌లో మార్పు. 2022లో ఈ కొలతలను సవరించి, స్కానింగులో ధమనుల మార్పు కనబడడాన్ని తప్పనిసరి చేశారు. ఆ ఆరు గుర్తులు చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. మొదటి రెండూ ప్రార్థన మైదానంలో నా కళ్ళముందు జరిగినవే. మూడవది, నాలుగవది ఆర్‌ఎంపీ డాక్టరు చేతిలోనే ఉండినవి. మూడు చాలును, మా దగ్గర నాలుగున్నాయి.

ఇక చికిత్స. మా ప్రాంతంవారికి 1948 సెప్టెంబరు అంటే పోలీసు చర్య గుర్తుకు వస్తుంది. సరిగ్గా అదే నెలలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం, కీళ్ళవాతంతో మంచంపట్టిన ఒక స్త్రీకి కార్టిజోన్ అనే మందు మొదటిసారి ఇచ్చింది. కొద్ది రోజులలో ఆమె లేచి నడిచింది. 1950లో ఆ కృషికి నోబెల్ బహుమానం వచ్చింది. స్టీరాయిడ్లనే ఆ మందుల వంశమే నేటికీ నాళశోథకు మొదటి ఆయుధం. మంట ఆర్పినట్లు ఆర్పుతుంది గాని, ఎక్కువకాలం వాడితే చక్కెర వ్యాధి, ఎముకల బలహీనత, ముఖం ఉబ్బడం వంటివి వస్తాయి. మన కవులు పొగిడే చంద్రబింబం వంటి ముఖాన్నే వైద్యులు ఈ మందు దుష్ఫలితంగా చెబుతారు.

వెగెనర్ పేరుతో పిలిచిన వ్యాధి సంగతి ఇంకా భయంకరం. 1958లో వాల్టన్ అనే వైద్యుడు లెక్కవేస్తే, చికిత్స లేనివారు సగటున అయిదు నెలలు మాత్రమే బ్రతికారు. నూటికి 82 మంది ఏడాదిలోపే పోయారు. సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సరు మందును స్టీరాయిడ్లతో కలిపి ఇచ్చి ఆ గీతను మార్చినవారిలో ఆంథోనీ ఫౌచీ ఒకరు. కరోనా కాలంలో మనమందరం టీవీలో చూసిన ఫౌచీగారే. 1983లో ఆయన బృందం ప్రకటించిన 85 మందిలో నూటికి 93 మందికి వ్యాధి పూర్తిగా సద్దుమణిగింది. 2010లో రిటుక్సిమాబ్ అనే మందు కూడా అంతటి పని చేయగలదని తేలింది.

మా అమ్మాయికి స్టీరాయిడ్లతోపాటు వారానికి ఒక్కసారి వేసుకొనే చిన్న పసుపుపచ్చ మాత్ర ఇచ్చారు. దాని పేరు మెథోట్రెక్సేట్. ఆ మాత్ర పుట్టుక వెతుక్కుంటూ పోతే ఒక తెలుగువాడి ప్రయోగశాల వద్ద తేలాను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించారు. అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఆపైన దానిని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకొనే మందులనూ తయారుచేశారు. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు ఇచ్చి, 1948 జూనులో ఫలితాలు ప్రకటించాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. 1951లో అమినోప్టెరిన్ కీళ్ళవాతానికి కూడా పనిచేస్తుందని గుబ్నర్ చూపాడు; 1994లో టకయాసు వ్యాధిలో మెథోట్రెక్సేట్ ఫలితాలు వెలువడ్డాయి. భీమవరం బిడ్డ పని మర్రిగూడ బిడ్డ చేతికి చేరడానికి అర్ధశతాబ్ది పట్టింది. ఒక హెచ్చరిక: ఈ మాత్ర వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకొంటే ప్రాణానికే ముప్పు. గర్భవతులు వేసుకోకూడదు.

మన దేశపు వైద్యుల కృషి కూడా తక్కువది కాదు. 1963లో బొంబాయిలో పి.కె. సేన్ బృందం, ఛాతీకీ కడుపుకీ మధ్యన బృహద్ధమని ఇరుకయ్యే రోగులను వర్ణించింది. జపాను రోగులలో మెడా చేతుల ధమనులు ఎక్కువగా దెబ్బతింటే, మన దేశంలో కడుపులోని బృహద్ధమని, మూత్రపిండాల ధమనులు ఎక్కువగా దెబ్బతింటాయని తరువాతి పరిశీలనలు చూపాయి. అందువల్ల మన దగ్గర ఈ వ్యాధి చాలామందిలో చిన్నవయసు రక్తపోటుగా బయటపడుతుంది. వ్యాధి ఇంకా రగులుతున్నదా, చల్లారిందా అని మంచం పక్కనే లెక్కవేయడానికి లక్నో, వేలూరు వైద్యులు తోటివారితో కలిసి రూపొందించిన కొలతను 2013లో ప్రకటించారు. దాన్ని ఇతర దేశాలవారూ వాడుతున్నారు. ఆ కొలతలో స్కానింగుకన్నా ముందు వైద్యుని వేళ్ళకూ, చెవికీ పని ఉంటుంది. పల్లెలున్న దేశానికి తగిన ఆలోచన అది.

మా అమ్మాయి విషయానికి వస్తే, మంట చల్లారాక మూత్రపిండపు ధమనిని బెలూనుతో వెడల్పు చేశారు. శోథ రగులుతుండగా ఆ పని చేస్తే మళ్ళీ మూసుకుపోయే అవకాశం ఎక్కువట. రక్తపోటు అదుపులోకి వచ్చింది. పెళ్ళయిన తరువాత, వైద్యులతో ముందే మాట్లాడి, మెథోట్రెక్సేట్ మాన్పించి, వేరే మందు మీద ఉంచి, ఒక బిడ్డను కన్నది. ఆ నెలల్లో రక్తపోటు ఎడమచేతికే చూడమని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకొని తిరిగింది. కుడిచెయ్యి చూసి అంతా బాగుందని ఎవరైనా పంపించేస్తే కొంప మునుగుతుంది కదా. పోయిన రెండేళ్ళు మాత్రం తిరిగి రాలేదు. ఒక మూత్రపిండం చిన్నదైపోయింది. నేను నిలబెట్టి ప్రతిజ్ఞ చెప్పించిన రోజున ఎవరైనా రెండు మణికట్టులూ పట్టి చూసి ఉంటే, బహుశా అది నిలిచేది.

మొన్న దసరాకు జమ్మి పెట్టడానికి మా ఇంటికి వచ్చింది. ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టింది. నేను ఆమె రెండు మణికట్టులూ పట్టుకొన్నాను. ఎడమది గట్టిగా ఉంది. కుడిది వెతకగా వెతకగా, చాలా సన్నగా తగిలింది. పెద్ద దారి మూసుకుపోతే శరీరం చిన్న చిన్న పిల్లకాలువలు తవ్వుకొంటుందట.

"దొరికిందా సార్?" అని నవ్వింది.

"దొరికిందమ్మా" అన్నాను. ఆనాటి శిక్ష సంగతి ఎత్తి క్షమించమన్నాను. "నాకు యాదికే లేదు సార్" అంది. యాదికి లేకపోవడం అబద్ధమని ఆమె ముఖం చెప్పింది.

మా పల్లెలకు 2016లో మొదలైన మిషన్ భగీరథతో నల్లానీళ్ళు వచ్చాయి. పాత బోరింగుల నీళ్ళు తాగిన తరం ఇంకా నడుములు పట్టుకొని తిరుగుతూనే ఉంది. వారి నొప్పి నిజం. ఆ నొప్పుల మధ్యన ఎక్కడో ఒక ఆడపిల్ల, దండెం మీద బట్టలారేయలేక చెయ్యి దించుకుంటూ ఉండవచ్చు. ఈ వ్యాధి అరుదైనదే. చెయ్యి లాగిన ప్రతివారికీ ఇదే అని నేననడం లేదు. అయినా చెయ్యి పైకెత్తితే లాగుతున్నదని చిన్నవయసువారెవరైనా అంటే, రెండు మణికట్టులూ పట్టి చూడండి. దవాఖానలో రెండు చేతులకూ రక్తపోటు చూడమని అడగండి. ఒక చేతికి యంత్రం పలకకపోతే, యంత్రాన్ని తిట్టేముందు ఆ మనిషిని మరొక్కసారి చూడమనండి. ఇందుకు ఖర్చు లేదు, రెండు నిమిషాలు చాలు.

ఇందులో పొరపాట్లుంటే వైద్యులైన మిత్రులు సవరించగలరు. ఉపాధ్యాయులైన మిత్రులు మాత్రం, ప్రార్థనలో చెయ్యి దించిన పిల్లను మందలించేముందు ఒక్కసారి పక్కకు పిలిచి అడగగలరని నా మనవి.